వాలు ఎటు పెట్టినవ్ శేటూ

వెనకింటి ఆయన పోయాడని మా ఆవిడ వచ్చి చెప్పినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. నోట్లో నురగ ఉండటం మంచిదైంది, లేకపోతే ఏమనేవాణ్నో. చచ్చినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. సరే, మంచే మాట్లాడదామని ఇన్నాళ్లూ వెతికాను. దొరికింది తక్కువ. దొరికినదానికి కూడా ముళ్లున్నాయి. అందుకే మాట్లాడటం మానేసి రాస్తున్నాను. రాయడం గురించి మా అమ్మ ఏమీ చెప్పలేదు.

మా ఇల్లు హసన్‌పర్తి దారిలో, చెరువు గాలి అప్పుడప్పుడు దారి తప్పి వచ్చే ఒక కాలనీలో ఉంది. దుకాణం వరంగల్ బజారులో. స్టీలు, సత్తు గిన్నెలు, ప్రెషర్ కుక్కర్లు, పెళ్లిళ్లకు పెట్టే సామాను అమ్ముతాం. ఆయనది మా పెరటి గోడకు అవతలి ఇల్లు. పేరు రాయను. ఇన్నేళ్లలో మేం ఒకరినొకరం పేరు పెట్టి పిలిచింది లేదు. నేను ఆయనకు 'శేటు'. బజారులో ఆ మాట మర్యాదే. ఆయన నోట్లోంచి వస్తే మాత్రం అందులో నా దుకాణం, నా పొట్ట, నా తెలివితక్కువతనం మూడూ విడివిడిగా వినిపించేవి. ఆయన మాకు 'గోడసారు'. ఒక దవాఖాన తోటలో ముప్పయ్యేళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. సారు అన్నది ఉద్యోగం ఇచ్చిన బిరుదు కాదు, నోరు సంపాదించుకున్నది.

మా గోడ ఐదున్నర అడుగులు. ఆయన ఐదు. అందుకని అవతల ఒక పాత నూనెడబ్బా బోర్లించి పెట్టుకున్నాడు. డబ్బా 'డబ్' మన్నదంటే ఆయన తల వస్తుందన్నమాట. ముందు తడి తువ్వాల, తరవాత కళ్లు, ఆ తరవాత నా తప్పులు. నమస్తే అనడం, బాగున్నావా అనడం ఆయన పద్ధతి కాదు. గోడ మీద ఏదైనా కుండీ కనిపిస్తే చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి, తీసి, వాసన చూసేవాడు. చూసి, నాతో కాదు, మొక్కతో మాట్లాడేవాడు.

"ఎవల కొంపల వడ్డవే బిడ్డా."

ఆ ఎవలో నేనేనని మొక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన పెరట్లో నాలుగు అవిసె చెట్లు, వాటి మీద తాటాకు నీడ, ఆ నీడలో తమలపాకు తీగలు ఉండేవి. మరిపెడ దిక్కు ఏదో ఊళ్లో వాళ్ల నాయినకు ఆకుతోట ఉండేదట. తోట పోయింది. ఎట్లా పోయిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మిగిలిన మూరెడు తీగను తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఈ సంగతి చెప్పింది కూడా మా ఆవిడకే. ఆమె శ్రావణమాసంలో ఆకుల కోసం వెళ్లినప్పుడు పందిరి బయట ఆపాడు.

"చెప్పులిడువమ్మా."

"మీరు చర్చికి పోతరు గద సారూ, మీకు గూడ గిసొంటి పట్టింపులున్నయా?"

"చర్చిలకు చెప్పులేసుకోని పోతమా? గిదీ గంతే."

ఆకుతోటలోకి చెప్పులతో పోకూడదన్నది ఆకు పెంచేవాళ్ల పాత పద్ధతి. బయటి మట్టితో బయటి తెగులు వస్తుందని కొందరంటారు, తల్లి కాబట్టి అని కొందరంటారు. ఆయన ఏదీ అనలేదు. చెప్పులిడువు, అంతే.

ఇక నా ఘనకార్యం. యాభై దాటాక డాక్టరు నా బీపీ చూసి, "ఏదన్నా హాబీ పెట్టుకోండి" అన్నాడు. పెట్టుకున్నాను. ఆ హాబీతోనే బీపీని మరో పది పాయింట్లు పెంచుకున్నాను. ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎక్కడో చలిదేశంలో బయట మోకాలి లోతు మంచు, లోపల అద్దాల ఇంట్లో ఎర్రటి టమాటాలు, వాటి మధ్య నవ్వుతున్న ఒక ముసలామె. ఆ నవ్వుకు పడిపోయాను. మంచు పడే ఊళ్ల కోసం పుట్టినదాన్ని, మంచినీళ్లు ట్యాంకులోనే మరిగే ఊళ్లో కట్టడానికి పూనుకున్నాను. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఇనుప పైపులు, చుట్టూ మందపాటి ప్లాస్టిక్ షీటు, చీమ దూరే సందు లేని జిప్పు తలుపు. జనవరిలో కట్టాను. జనవరిలో వరంగల్‌లో ఏం కట్టినా బాగానే ఉంటుంది.

వెల్డర్ పైకప్పు పైపులు అతికిస్తుంటే డబ్బా చప్పుడైంది.

"వాలు ఎటు పెట్టినవ్ శేటూ?"

"మీ దిక్కే సారూ. ఇటు పెడ్తె మా వంటింట్లకొస్తయ్ నీళ్లు."

"మార్చు."

"వెల్డింగయిపోయింది సారూ."

"వెల్డింగే గద, లగ్గం గాదు గద. కోసి మళ్ల పెట్టు." తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇను. ఆకుకు తడి గావాలె, నీళ్లు నిలువొద్దు. మూడొద్దులు నిలిస్తె ఏరు కుళ్లుతది. ఒక్క తీగెకు కుళ్లు వడితె పందిరి మొత్తం పోతది. మా నాయినది గదొక్కటే ఉన్నది నాకాడ."

అప్పుడు నేను అవును సారూ అనవచ్చు. కానీ పక్కన వెల్డర్ ఉన్నాడు, ఎదురింటాయన వచ్చి వింత చూస్తున్నాడు. ఇద్దరు శ్రోతలు దొరికితే నా నాలుక నా మాట వినదు.

"జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి సారూ. వాన నీళ్లన్నీ మీకు ఉత్తగనే పంపుతాన. పున్నెం ఒక్కటి నాకుంచుండ్రి."

వెల్డర్ నవ్వాడు. ఎదురింటాయన నవ్వాడు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆయన తువ్వాల మళ్లీ తలకు చుట్టుకుని డబ్బా దిగాడు. నా జీవితంలో బాగా పేలిన జోకులు చాలా తక్కువ. వాటిలో అదొకటి.

మార్చి నడిమికి వచ్చేసరికి క్యాప్సికం మొక్కలు తలలు వేలాడేశాయి. ఏప్రిల్లో చెర్రీ టమాటాలు కాయకుండానే ఉడికాయి. పొద్దున జిప్పు తీస్తే లోపలి ఆవిరికి కళ్లద్దాలు మసకబారేవి. ముప్పయ్యేళ్లు కుక్కర్లు అమ్మినవాణ్ని, ఇంటి వెనక నేనే ఒక కుక్కరు కట్టుకున్నానని గుర్తుపట్టలేకపోయాను. ఆయన గుర్తుపట్టాడు. రోజూ పొద్దున పదకొండింటికి డబ్బా చప్పుడు, తడి తువ్వాల, ఒకటే ప్రశ్న:

"ఎన్ని విజిల్లయినయ్ శేటూ?"

కాలనీలో ఆ మాట పాకింది. పాలవాడు కూడా అడగడం మొదలుపెట్టాడు. నేను పౌరుషపడి లోపల కూలర్ పెట్టించాను. మా ఆవిడ చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి చూసింది.

"మొక్కలకు కూలరా? మేమేం పాపం జేసినం?"

"గ్రీన్‌హౌస్ అంటే పచ్చిల్లు. పచ్చగుండాల్నంటే చల్లగుండాలె" అన్నాను.

"పచ్చిల్లు గాదు, పిచ్చిల్లు."

గోడ అవతలి నుంచి సమాధానం వచ్చింది. "కూలర్ గాదమ్మా, గాలి గావాలె. గాలిని లోపట వెట్టి తాళమేసిండు మీ ఆయన. పక్కలు కోసి పైకి కట్టుమను."

కోయలేదు. ఆయన చెప్పాడు కాబట్టే కోయలేదు. ఆయన 'కోయకు' అని ఉంటే ఆ సాయంత్రమే కోసి ఉండేవాణ్ని. నా మొక్కలు నా ఎండకు చావలేదు, నా పంతానికి చచ్చాయి.

తరవాత వానలొచ్చాయి. మూడు రోజులు ముసురు వదల్లేదు. నా పైకప్పు మీద పడ్డ ప్రతి చుక్కా, నేను మాట ఇచ్చినట్టే, ఉత్తగనే గోడ అవతలికి పోయింది. మూడో రోజు పొద్దున మా మేడ మెట్ల మీంచి చూస్తే, ఆయన పందిరి కింద పాదం మునిగే నీళ్లలో వంగి, సత్తుగిన్నెతో ఎత్తి పోస్తున్నాడు. సత్తుగిన్నె మా దుకాణంలోదే, అంచు చూసి గుర్తుపట్టాను. గొడుగు పట్టుకుని వాళ్ల పెరటి గేటు దాకా వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు, నాకూ కొంచెం సిగ్గుంది.

"సారూ, జర సాయం పట్టాల్నా?"

ఆయన తలెత్తలేదు. "చెప్పులిడువు."

కిందికి చూశాను. నల్లటి బురద, అందులో తేలుతున్న ఆకులు, ఏమేం ఉన్నాయో తెలియని నీళ్లు. పాము ఉండొచ్చు, గాజుపెంకు ఉండొచ్చు. నాకు షుగర్ కూడా ఉంది. ఈ కారణాలన్నీ నిజమే. గేటు దగ్గరే నిలబడ్డాను.

"చెప్పులిడువుమన్న గద."

"మోటర్ దొరుకుతదేమో చూస్త సారూ" అని వెనక్కి తిరిగి వచ్చేశాను. మోటరు చూడలేదు. వచ్చి టీ తాగాను.

వారంలో తీగలు పసుపుబారి, మొదళ్లు మెత్తబడి, తాకితే చేతికి ఊడివచ్చాయి. నాలుగు అవిసె చెట్లు ఖాళీగా నిలబడ్డాయి. ఆయన డబ్బా ఎక్కడం మానేశాడు. విజిల్ వినపడకపోతే నాకు హాయిగా ఉండాల్సింది.

పది రోజులయ్యాక, నేను దుకాణంలో ఉండగా ఫోనొచ్చింది. మా ఆవిడ.

"తొందరగ రండ్రి. గోడసారు మన షీటు కోస్తాండు."

నేను వచ్చేసరికి పని అయిపోయింది. రెండు పొడుగాటి పక్కలూ నడుమెత్తు నుంచి నేల దాకా, గీత గీసినంత తిన్నగా కోసి, పైకి చుట్టి, తుంగపోచలతో ముడి వేశాడు.

"నువ్వేం జేసినవ్?" అన్నాను.

"ఏం జేస్త! చెప్పులు బయట ఇడిచి లోపటికి పోయిండు. ఏంది సారూ అంటె, జరుగమ్మా అన్నడు. జరిగిన."

"చెప్పులిడిచి మరీ కోసిండా?"

"ఇడిచి, జోడుగ పెట్టి."

నాకు కాలింది. గోడ దగ్గరికి వెళ్లి, ఈసారి నేనే ఒక స్టూలు ఎక్కాను.

"సారూ, గిది ఏం పద్ధతి? నా ఇంట్లకొచ్చి నా సామాన్ కోసుడేంది? టేషన్‌ల కంప్లెయింట్ ఇస్త!"

ఆయన మంచం మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటున్నాడు. "ఇయ్యి. గాలొచ్చెటట్టు జేసిండని రాయి. కింద సంతకం నేను గూడ పెడ్త."

"మీ ఆకు పోతె నా మీద కచ్చ తీర్చుకుంటరా?"

"కచ్చనే. కచ్చ గాదని నేనన్ననా?" లేచి నిలబడ్డాడు. "నా మట్టికి కుళ్లు వట్టింది. మూడేండ్లు దాన్ల ఆకు వెట్టరాదు. నీళ్లు పంపుత పున్నెమొస్తదంటివి. వచ్చిందా? ఎంత వచ్చింది? జోకు జేస్తవా నా నాయిన మీద?"

"నేను మీ నాయిన మీద చెయ్యలే సారూ..."

"మరి ఎవల మీద జేసినవ్?"

స్టూలు దిగాను. కంప్లెయింట్ ఇవ్వలేదు. క్షమాపణ కూడా అడగలేదు. రెండూ సమానంగా ఇవ్వకపోతే న్యాయమని అప్పట్లో అనుకున్నాను.

మర్నాడు నా గ్రీన్‌హౌస్ మూలలో, నాది కాని కుండీ కనిపించింది. అందులో జానెడు తీగ, రెండు కణుపులు, ఒక్క ఆకు. కుళ్లు అంటని ముక్క అదొక్కటే మిగిలినట్టుంది. నన్ను అడగకుండా, నా ఇంట్లో, నా కూలర్ పక్కన. దాన్ని తీసి గోడ మీద పెట్టాను. మధ్యాహ్నానికి మళ్లీ మూలలోకి వచ్చింది. మళ్లీ గోడ మీద పెట్టాను. మళ్లీ వచ్చింది. నాలుగు రోజులు ఇద్దరం ఒక్క మాట లేకుండా ఆ కుండీతో కొట్లాడాం. ఐదో రోజు ఎండ కాసింది. గోడ మీద పెట్టబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ల సంపుతరా దాన్ని?"

'మళ్ల' అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. కుండీని మూలలో పెట్టి వచ్చాను. అప్పుడు డబ్బా చప్పుడైంది, చాలా రోజుల తరవాత.

"మూడేండ్లు నీకాడ ఉంటది. మూడేండ్లయినంక తీస్కపోత. గా లోపట్నే వాలు మార్చు."

అంతే. దయచేసి అనలేదు, థాంక్స్ అనలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఆరింటికి మా పక్కసందు గేటు తీసుకుని వచ్చేవాడు. చెప్పులు గ్రీన్‌హౌస్ బయట జోడుగా విడిచేవాడు. ప్లాస్టిక్ షీటు ముందు, అదీ తాను వంద తిట్లు తిట్టిన షీటు ముందు, అట్లా చెప్పులు విడిచినవాడు ఆయనొక్కడే. నేను చెప్పులతోనే తిరిగేవాణ్ని, ఆయన చూస్తుండగా కావాలని తిరిగేవాణ్ని. ఆయన వేలు మట్టిలో గుచ్చి వాసన చూసి, "లేచినవా బిడ్డా" అనేవాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా ఆ పలకరింపు నాకు కాదు. నాకు వచ్చేవి వేరే. "కూలర్ బంద్ చెయ్యి." "గా రోజా పురుగు పట్టింది, కండ్లున్నయా నీకు?" "ఎరువేసినవా, ఇసం పెట్టినవా?" పక్కలు కోసిన తరవాత నా టమాటాలు మొదటిసారి కాశాయి. ఒక గిన్నెలో పెట్టి పంపితే, గిన్నె తిరిగి వచ్చింది, టమాటాలతో సహా. మీద ఒక చీటీ ఉంది: తొక్క మందం. మా ఆవిడ చీటీని ఫ్రిజ్‌కు అంటించింది. నేను చూసినప్పుడల్లా మండాలని.

వాన పడ్డప్పుడల్లా మరో ప్రశ్న.

"వాలు మార్చినవా శేటూ?"

"మారుస్త సారూ."

మార్చలేదు. రెండు వానాకాలాలు గడిచాయి. వెల్డర్ దొరకలేదంటే అబద్ధం, రోజూ మా దుకాణం ముందు నుంచే పోయేవాడు. మార్చితే ఆయన గెలిచినట్టు. ఇంత చిన్న కారణం రాయడానికి నాకు ఇంత పెద్ద వ్యాసం పట్టింది. ఈలోగా ఆయన ఖాళీ పందిట్లో మట్టి తవ్వి ఎండబెట్టాడు, మళ్లీ నింపాడు, తాటాకు మార్చాడు. డబ్బా ఎక్కి చూస్తే తన వైపు అన్నీ సిద్ధం, నా వైపు వాలు ఒక్కటే సిద్ధం కాలేదు.

ఈ మే నెలలో ఆయన రెండు రోజులు రాలేదు. మూడో రోజు దవాఖానలో ఉన్నాడని తెలిసింది. నేను చూడటానికి వెళ్లలేదు. నన్ను చూస్తే బీపీ పెరుగుతుందని అనుకున్నాను, ఎవరి బీపీయో తేల్చుకోలేదు. వారం తరవాత పోయాడు.

సమాధి అయ్యాక మూడో రోజు మా ఆవిడతో కలిసి వెళ్లాను. ఆయన భార్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరో వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఏమనాలో తెలియక, "ఆ కుండీ పంపాల్నా అక్కా?" అన్నాను.

"ఉండనీయ్ తమ్మీ, నీకాడ్నే ఉండనీయ్." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆయన నీ గురించి ఒక మాటనేటోడు."

చివరికి ఒక మంచి మాట దొరుకుతుందని ముందుకు వంగాను. "ఏమన్నడక్కా?"

"శేటు ఎడ్డోడే గని, నీళ్లు పోసుడు మరువడు అనేటోడు."

మా ఆవిడ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"ఆఖరుకు దవాఖానల గూడ, ఒకనాడు పొద్దుమూకి గాలివాన వచ్చింది. రేకుల మీద సప్పుడాయె. కండ్లు తెరిచి, శేటు వాలు మార్చిండా అనడిగిండు. నేను మార్చిండని చెప్పిన తమ్మీ. అబద్ధమాడిన." నా వైపు చూసింది. "ఈ ఆషాఢంతోని మూడేండ్లు నిండుతయ్."

మర్నాడు దుకాణం ముందు వెల్డర్‌ను ఆపాను. వాడు వచ్చి, పైకి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"అప్పుడే చెప్పిండు గదనె గోడసారు."

"చెప్పిండు. కొయ్యి."

ఒక పూట పని. మూడేళ్లు మోసింది ఒక పూటలో తిరిగిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"మనిషున్నన్నొద్దులు మార్చకపోతిరి. ఇప్పుడు నీళ్లన్ని నా గడప ముందలికి తెస్తాన్రా?"

జోకు వేయడానికి నోరు తెరిచాను. ఏదీ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఆషాఢంలో మొదటి పెద్ద వాన పడింది. మా వంటింటి ముందు చెరువు కట్టింది, ఇటుకలు పెట్టుకుని దాటుతున్నాం. గోడకు అవతల పందిరి కింద మట్టి తడిసింది, నీళ్లు నిలవలేదు. తెల్లారి కుండీ ఎత్తుకుని వాళ్ల పెరటి గేటు దాకా వెళ్లాను. తీగ ఇప్పుడు నా భుజమంత ఉంది. పోయినసారి ఆగిన చోటే ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు.

చెప్పులు విడిచాను. విడిచి, జోడుగా పెట్టాను. బురద చల్లగా, అసహ్యంగా, వేళ్ల మధ్య నుంచి పైకి వచ్చింది. నాలుగడుగులు వేశానో లేదో అరికాలిలో ముల్లు దిగింది.

అవిసెకు ముళ్లుండవు. తాటిమట్టది అయ్యుండొచ్చు అంది ఆయన భార్య. ఎవరేమన్నా నేను నమ్మను. నేను ఎప్పటికైనా చెప్పులు విడిచి వస్తానని తెలిసి, ఆయనే పెట్టి పోయాడు.